అహోలోతెలకు దారిబత్తెం

సెనైదా కట్టిన పెట్టెలో పన్నెండేళ్లుగా ఒక్క ప్రాణి చావలేదు. ఈ మాట ఆమె చెప్పుకోదు. షోచిమిల్కో కాలువల ఒడ్డున కల్టోంగో వాడలో పడవలు నడిపేవాళ్లు చెప్తారు, బస్టాండులో పార్సిళ్లు అందుకునే గుమాస్తాలు చెప్తారు, దేశం ఆ కొసన మోంతెర్రే నుంచి ఈ కొసన చియాపాస్ దాకా ఇళ్లలో గాజుతొట్లు పెట్టుకున్నవాళ్లు చెప్తారు. పట్టాలున్న పెద్దమనుషులు మాత్రం చెప్పరు. వాళ్లు ఆమె కొట్టానికి వస్తారు, ఆమె ఏం చేస్తుందో నోటుపుస్తకాల్లో రాసుకుంటారు, వెళ్లి తమ తెలివిగా ఉపన్యాసాలిస్తారు. ఇచ్చుకోనీ. బతికిన ప్రాణులకు ఎవరు బతికించారో తెలుసు.

అహోలోతె అంటే ఎదిగీ ఎదగని బల్లిలా ఉండే నీటి జీవి. తలకు ఇరుపక్కలా కుచ్చుల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు. తాతల కాలంలో షోచిమిల్కో కాలువల్లో వల వేస్తే బుట్టెడు పడేవి. తర్వాత నగరం పైపులు వేసుకుని ఊటలన్నీ తాగేసింది. తాగి, వాడేసిన నీళ్లు మనకు తిరిగి పంపింది. ఎవరో మేధావులు తెచ్చి వదిలిన పరాయి చేపలు గుడ్లు తినేశాయి. ఇప్పుడు అహోలోతెను కాలువలో చూడాలంటే అదృష్టముండాలి, తొట్టిలో చూడాలంటే సెనైదా కొట్టానికి రావాలి. సర్కారు అనుమతి కాగితం ఆమె గోడకు వేలాడుతుంది. పుట్టిన ప్రతి పిల్లకూ ఒక నంబరుంటుంది. అడిగినవాళ్లందరికీ ఆమె అమ్మదు.

హుచితాన్‌లో సంగీతం నేర్పే ఫ్లవియానో మాస్టారు ఐదు పిల్లలు కావాలని అడిగితే, ముందు ఖాళీ తొట్టి పెట్టుకోమంది. నీళ్లలో థర్మామీటరు పెట్టి రోజూ మధ్యాహ్నం ఫొటో తీసి పంపమంది. నలభై రోజులు. హుచితాన్ అంటే నిప్పులు చెరిగే ఊరు. పందొమ్మిది డిగ్రీలు దాటినప్పుడల్లా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. పాపం మాస్టారు మూడుసార్లు మొదలుపెట్టి, చివరికి నీళ్లను చల్లబరిచే యంత్రం తెచ్చుకున్నాడు. నా పెళ్లికి మా మామగారు కూడా ఇంత పరీక్ష పెట్టలేదమ్మా అని ఫోన్లో మొత్తుకున్నాడు. మీ మామగారు పొరపాటు చేసి ఉంటారు అంది సెనైదా.

ఆ ఐదు పిల్లలు బయల్దేరే రోజు దగ్గరికొచ్చింది.

సెనైదా తమ్ముడు దొనాతో కొట్టంలో పనికి చేరి అప్పటికి నెలే. ఇరవై ఆరేళ్లు కాలువల మీద షికారు పడవలు గడకర్రతో తోసినవాడు. భుజం అరిగిపోయి ఇక తొయ్యలేనని పడవ వదిలేస్తే, నా దగ్గరికి రారా, చేతులు బాగానే ఉన్నాయిగా అని అక్క పిలిచింది. మొదటివారం ఆమె అతనికి నలభై నియమాలు చెప్పింది. క్లోరిన్ నీళ్లు ముట్టించకు. సబ్బు చేతులు పెట్టకు. రెండు పిల్లల్ని ఒక సంచిలో వెయ్యకు, ఒకదాని కాలు ఒకటి కొరుకుతాయి. ప్రయాణానికి ముందు మూడు రోజులు తిండి పెట్టకు. దొనాతో అన్నిటికీ తలూపాడు. తలూపడం అతనికి పడవ మీద అలవాటైన పని.

మూడు రోజులుగా ఆ ఐదూ ఐదు బేసిన్లలో విడివిడిగా ఉన్నాయి. దొనాతో పక్కనుంచి వెళ్లినప్పుడల్లా తలలు పైకెత్తి నోళ్లు తెరిచాయి. అతనికి అది తట్టుకోవడం కష్టమైంది. వాళ్లమ్మ పన్ను వసూలుకొచ్చినవాణ్ణి కూడా తినకుండా పంపలేదు. బాలయేసు విగ్రహం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారే రోజున వెంట నడిచిన వీధి మొత్తానికీ భోజనం పెట్టే వాడ అది. ఊరికి పోయేవాడి చేతిలో దారిబత్తెం మూట పెట్టకపోతే ఆ ఇంటి పేరు చెడుతుంది. పన్నెండు గంటల ప్రయాణం చేసే పసివాటిని కడుపు మాడ్చి పంపడమేమిటి? నీళ్లు మార్చే పని తప్పించుకోవడానికి అక్క పెట్టుకున్న నియమం అయ్యుంటుందనుకున్నాడు.

బయల్దేరే రోజు తెల్లవారుజామున సెనైదా వంటింట్లో ఉండగా దొనాతో బేసిన్ల దగ్గరికెళ్లి తలా రెండు వానపాములు వేశాడు. అవి గుటుక్కున మింగాయి. అతని మనసు నిండిపోయింది.

తర్వాత సెనైదా వచ్చి కట్టడం మొదలుపెట్టింది. ఎక్కువ వెలుతురు వాటికి బెదురని ఎర్ర బల్బు ఒక్కటే వేసుకుంటుంది. ఆ వెలుగులో పొట్టల లావు తెలియలేదు. సంచి మూలల్లో పిల్ల ఇరుక్కోకుండా మూలలు మడిచి టేపు అంటించింది. మూడోవంతు నీళ్లు, మిగతాదంతా సిలిండరులోంచి ఆక్సిజన్. మూతి మెలిపెట్టి, మడిచి, రెండు రబ్బరు బ్యాండ్లు. దాన్ని తలకిందులుగా ఇంకో సంచిలో పెట్టి మళ్లీ కట్టింది. థర్మకోల్ పెట్టె అడుగున మంచు సంచులు, వాటి చలి నేరుగా తగలకుండా నాలుగు మడతల పాత పేపరు, దాని మీద ఐదు సంచులు, కదలకుండా సందుల్లో పేపరు ఉండలు. ఆమె పైమూతకు టేపు వెతుక్కుంటుండగా దొనాతో చిన్న మూటొకటి పేపరు కింద దూర్చాడు. మొక్కజొన్న పొత్తు ఆకులో చుట్టి దారంతో కట్టిన వానపాములు. కొత్త ఇంట్లో మొదటిరోజు తిండి దొరుకుతుందో లేదో కదా.

పొద్దున ఎనిమిదింటికి నగరం తూర్పు బస్టాండులో పెట్టె బస్సెక్కింది. ప్వేబ్లాలో అరగంట ఆగి, తెవాకాన్ మీదుగా కొండలు దిగి వేడి సీమలోకి పోయే బస్సు. సెనైదా కాగితాలు గుమాస్తాకిచ్చి, పెట్టె డిక్కీలో ఇంజనుకు దూరంగా పెట్టించి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది. తర్వాత అక్కాతమ్ముళ్లిద్దరూ గేటు బయట తమాలెలు, అంటే మొక్కజొన్నాకులో చుట్టి ఉడికించిన పిండి ముద్దలు, అమ్మే ఆవిడ దగ్గర నిలబడ్డారు. రొట్టె మధ్యలో తమాలె పెట్టించుకుని, వేడి జావ గ్లాసులు పట్టుకున్నారు.

అక్కడ సెనైదా, ఎన్నడూ లేనిది, తను కట్టిన మొదటి పెట్టె సంగతి చెప్పింది. పదమూడేళ్ల కిందట. ఆరు పిల్లలు. ప్రయాణం కదా అని ముందు రోజు కడుపునిండా పెట్టిందట. బస్సు కుదుపుకు అవి కక్కుకున్నాయి, విసర్జించాయి. లీటరు నీళ్లు ఎంతసేపట్లో విషమవుతాయి? ఆ విషంలోనే ఊపిరి పీల్చి మొప్పలు కాలి ఆరూ చచ్చిపోయాయి. పెట్టె తెరిచి చూసినవాళ్ల ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

"అప్పట్నుంచి మూడ్రోజులు మాడుస్తాను. అవి నన్ను తిట్టుకుంటాయి. తిట్టుకోనీ" అంది.

దొనాతో రొట్టె బండి మీద పెట్టేసి మలుపు వైపు చూశాడు. బస్సు వెళ్లిపోయింది. తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సాయంత్రం మాస్టారు ఫోన్ చేస్తే ఎండ దెబ్బ అనుకుంటారు. పన్నెండేళ్లలో ఒకసారి, ఎవరికి జరగదు? ఈ ఆలోచన అతనికొచ్చింది. రాలేదని నేను అబద్ధమాడను. అక్క జావ ఊదుకుంటూ తాగుతోంది. ఆమె చేతివేళ్లు నీళ్లలో నాని నాని ముడతలు పడి ఉన్నాయి. వాటిని చూశాక ఆ ఆలోచన నిలవలేదు.

"అక్కా, నేను పెట్టాను. పొద్దున."

సెనైదా గ్లాసు దించింది. "ఎన్ని?"

"తలా రెండు."

"ఎంత లావు?"

దొనాతో చిటికెన వేలు చూపించాడు. తిడుతుందని మెడ వంచాడు. ఆమె తిట్టలేదు. గ్లాసు బండి మీద పెట్టి, తమాలెలమ్మే ఆవిణ్ణి గుప్పెడు కల్లుప్పు అడిగింది. దేనికని ఆవిడ అడగలేదు, కాగితంలో పొట్లం కట్టిచ్చింది. పావుగంటకొకటి చొప్పున ప్వేబ్లాకు నేరుగా పోయే బస్సులున్నాయి. తర్వాతి బస్సు కదలబోతోంది. సెనైదా టిక్కెట్లకు పరుగెత్తుతూ, కొట్లో ఎనిమిది సీసాల మంచినీళ్లు పట్టుకురమ్మని, ఫ్రిజ్‌లోవి మాత్రం వద్దని తమ్ముడికి చెప్పింది.

బస్సులో రెండు గంటలు. చెయ్యడానికేమీ లేని రెండు గంటలు. ప్వేబ్లా పార్సిలు ఆఫీసుకు ఫోన్ చేస్తే, సీలు వేసిన సరుకు దారిలో తెరవడం కుదరదని ఒక గొంతు చెప్పి పెట్టేసింది. దొనాతో కాళ్లు ఆడిస్తూ కూర్చున్నాడు. సెనైదా మాత్రం నీళ్ల సీసాలను ఏసీ గాలి తగిలేచోట కాళ్ల దగ్గర వరసగా నిలబెట్టి, పావుగంటకోసారి మణికట్టు ఆనించి చూసింది. చేతిసంచిలో పెట్టుకు తిరిగే ప్లాస్టిక్ సంచుల చుట్టలోంచి పది తీసి మూలలు మడిచి టేపు అంటించింది. పక్క సీటు పెద్దమనిషి, మీరు మిఠాయి వ్యాపారమా అని అడిగాడు. మంత్రసానిని అంది.

రియో ఫ్రియో కొండ ఎక్కుతుంటే అద్దాలకు చలి పట్టింది.

"ఈ చలి మన పక్కనుంది. చల్లగా ఉంటే కడుపు నిదానంగా అరుగుతుంది. ఇక్కడిదాకా ఏం కాదు. తెవాకాన్ దాటి దిగితే అప్పుడు మొదలవుద్ది" అంది సెనైదా.

"నన్ను ఒక మాటనక్కా. ఊరుకుంటే భయమేస్తోంది."

"తర్వాత అంటాను. ఇప్పుడు నీ చేతులు కావాలి. అవి వణక్కుండా చూసుకో."

ఆ మాట విన్నాక దొనాతో రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. పడవ నడిపేటప్పుడు ఆ చేతులు అతనికి గుర్తే ఉండేవి కావు.

ప్వేబ్లా బస్టాండులో దిగేసరికి హుచితాన్ బస్సు ఇంకా నిలబడే ఉంది. పదకొండు నిమిషాల్లో బయల్దేరుతుంది. డ్రైవరు అబుందియో, మెడ లేని మనిషి, డిక్కీకి వీపు ఆనించి సిగరెట్టు కాలుస్తున్నాడు. సెనైదా చెప్పింది విన్నాడు. కుదరదన్నాడు. సీలు పగిలితే జవాబు చెప్పాల్సింది తనేనన్నాడు. అంతా నియమమే. మనుషుల్ని ఎండలో నాలుగు గంటలు నిలబెట్టే కంపెనీలకు ఒక పెట్టె తెరవడానికి మాత్రం నియమం అడ్డొస్తుంది.

సెనైదా బతిమాలలేదు. అది నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. ఆమె బతిమాలి ఉంటే కథ వేరు.

"ఆ సీలు నేనేశాను, నేనే కోస్తాను. కాగితం మీద నా సంతకముంది, దాని కిందే ఇంకో సంతకం చేస్తాను. నువ్వు డిక్కీ తెరువు చాలు. తెరవకపోతే లోపల ఐదు ప్రాణాలు పోతాయి. పోయాయని నీకు తెలిసే నువ్వు బండి నడుపుతావు, తొమ్మిది గంటలు" అంది.

అబుందియో సిగరెట్టు పారేసి డిక్కీ తెరిచాడు.

సెనైదా నేల మీదే మోకాళ్ల మీద కూర్చుంది. పెట్టె టేపు కోసింది. మూత తీసి పేపరు తొలగించగానే మొక్కజొన్నాకు మూట కనపడింది. ప్రయాణికులు అప్పటికే మూగారు. వాళ్లలో ఒకావిడ, అయ్యో, ఎవరిదో తమాలె మరిచిపోయారు అంది. సెనైదా దారం లాగింది. వానపాములు మెలికలు తిరిగాయి. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. సెనైదా తల తిప్పి తమ్ముడి మొహంలోకి చూసింది. ఆ రోజు మొత్తమ్మీద ఆమె అతన్ని తిట్టింది ఆ చూపుతోనే. తర్వాత మూట పక్కన పెట్టి పని మొదలుపెట్టింది.

కొత్త సంచిలో సీసా నీళ్లు, మొప్పల మంట తగ్గడానికి చిటికెడు కల్లుప్పు. మణికట్టుతో ఈ నీళ్లూ ఆ నీళ్లూ చూసింది. పాత సంచిలో నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి, అడుగున రెట్ట. తడిచేసుకున్న అరచేతిని పిల్ల పొట్ట కింద పెట్టి, రెండో చెయ్యి పైన గూడులా కప్పి, పట్టుకోకుండా ఎత్తింది. చేతుల్లోంచి అదే కొత్త నీళ్లలోకి జారింది. దొనాతో సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు. ఆమె సంచిని గాల్లో ఒక్కసారి ఊపి, గాలి నింపి, మూతి మెలిపెట్టింది. గుంపులోంచి ఒకడు ముందుకొచ్చి, నేను బూరలు ఊదడంలో గట్టివాణ్ణి, నోటితో ఊదిపెట్టనా అన్నాడు.

"నీ ఊపిరి వాటికి పనికిరాదు నాయనా. పక్కకు జరిగి వెలుతురు రానీ" అంది.

రెండోది. మూడోది. నాలుగోది. ఏ కదలికా వృథా పోలేదు. దొనాతో పడవ మీద ఇరవై ఆరేళ్లు ఎందరో పనిమంతుల్ని చూశాడు. పూలు కట్టేవాళ్లను, గిటారు వాయించేవాళ్లను, మండే రాళ్ల మీద మాంసం వండేవాళ్లను. మోకాళ్ల కింద సిమెంటు, నెత్తిన హారన్ల మోత, చుట్టూ పనికిమాలిన సలహాలు. వాటి మధ్య ఇంత ప్రశాంతంగా నడిచే చేతుల్ని అతను చూడలేదు. తన చేతులు కూడా వణకడం మానేశాయి. ఎప్పుడు మానేశాయో గమనించలేదు.

ఐదో సంచిలో పిల్ల పక్కకు ఒరిగి ఉంది. సగం అరిగిన వానపాము నీళ్లలో తేలుతోంది. మొప్పల కుచ్చులు తెల్లబడి ముందుకు ముడుచుకున్నాయి. సెనైదా దాన్ని కొత్త సంచిలో మంచినీళ్లలో వేసి, వేలితో తోక మీద మెల్లగా తాకింది. కాసేపటికి ఒక కాలు కదిలింది.

"ఇది వెళ్లదు" అంది.

మూడు నిమిషాలే ఉన్నాయని, కాగితంలో ఐదని ఉందని, ఐదూ ఎక్కాల్సిందేనని అబుందియో అన్నాడు. సెనైదా అతని జేబులోంచే పెన్ను లాక్కుని, కాగితం మీద ఐదు కొట్టేసి నాలుగు రాసింది. కింద ఆ పిల్ల నంబరు వేసి, 'జబ్బు చేసింది, నా దగ్గరే ఉంది' అని రాసి సంతకం పెట్టింది. పెట్టె మూసి మళ్లీ టేపు వేసింది. అబుందియో వంగి పెట్టెను తనే ఎత్తాడు. డిక్కీ వైపు వెళ్లలేదు. మెట్లెక్కి తన సీటు వెనక, ఏసీ గాలి తగిలేచోట దింపి, తన కోటు తీసి అద్దం వైపు ఎండ పడకుండా కప్పాడు.

"హుచితాన్‌లో ఎవరి చేతికివ్వాలో చెప్పమ్మా" అన్నాడు.

బస్సు వెళ్లాక సెనైదా అక్కడే నిలబడి మాస్టారికి ఫోన్ చేసింది. నాలుగే వస్తున్నాయని, నీళ్లు దారిలో మార్చాల్సివచ్చిందని, ఒకటి బాగాలేదని, బాగయ్యాక పంపుతానని ఉన్నదున్నట్టు చెప్పింది. ఏమైందని ఆయన అడిగాడు.

"నేను సరిగ్గా చూసుకోకుండా కట్టాను" అంది సెనైదా.

ఫోన్ పెట్టాక దొనాతో, తప్పు నాదైతే నీ పేరు చెప్పావెందుకని అడిగాడు.

"ముడి వేసింది నేనురా. ముడేసినవాళ్లదే లోపలున్నదంతా. పొట్టలు తడిమి చూసుకోవాల్సింది, చూసుకోలేదు. రేపట్నుంచి చూస్తాను. ఇక నువ్వు ఆ సంచి పట్టుకో, కుదపకుండా. ఇంటిదాకా అది నీ ఒళ్లోనే ఉంటుంది."

ఆ రోజు పొద్దుగూకాక మాస్టారు ఫొటో పంపాడు. తొట్టి అడుగున నాలుగు. మొప్పలు ఎర్రగా, కుచ్చులు విప్పుకుని.

ఐదోదాన్ని దొనాతో ఇరవై మూడు రోజులు చూశాడు. రోజూ పొద్దునా సాయంత్రం సీసాల్లో చల్లబెట్టిన నీళ్లు మార్చాడు. పదోరోజున అది వానపాము ముక్క తిన్నది. పదహారోరోజున కుచ్చులకు రంగు తిరిగింది. ఇరవయ్యో రోజున సెనైదా, ఇక తిండి ఆపెయ్ అంది. ఆ మూడు రోజులూ దొనాతో మంచం బేసిను పక్కనే వేసుకున్నాడు. పక్కింటి ముసలమ్మ పాపం చిక్కిపోయిందంటూ గిన్నెలో పురుగులు పట్టుకొస్తే గుమ్మం దాటనివ్వలేదు. అది అతన్ని చూసి నోరు తెరిచింది. అతను దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

నాలుగోరోజు తెల్లవారుజామున ఎర్ర బల్బు కింద దొనాతోయే సంచి కట్టాడు. సెనైదా చేతులు కట్టుకుని చూసింది. మూతి కట్టబోయేముందు అతను తడి వేలితో పిల్ల పొట్ట తడిమాడు. ఆమె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం అంటే కల్టోంగోలో పట్టా కిందే లెక్క.

ఈసారి పెట్టెను డిక్కీలో వెయ్యలేదు. దొనాతోయే టిక్కెట్టు తీసుకుని ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. బస్సు కదిలేముందు సెనైదా కిటికీలోంచి ఒక గుడ్డమూట అందించింది. మొక్కజొన్నాకుల్లో చుట్టిన ఆరు తమాలెలు, వేడి వేడివి.

"ఇది నీకు. దానికి కాదు" అంది.

పన్నెండు గంటలు అతను మూట విప్పలేదు. మూత మీద చెయ్యి వేసుకుని, కొండలు దిగుతున్నకొద్దీ మంచు సంచులున్న వైపు తడిమి చూసుకుంటూ కూర్చున్నాడు.

ఫ్లవియానో మాస్టారి ఇంట్లో దొనాతో ముందు థర్మామీటరు చూశాడు. పదిహేడు. సంచిని అలాగే తొట్టిలో తేలేశాడు. కాసేపాగి మూతి విప్పి, తొట్టి నీళ్లు అరగ్లాసు పోశాడు. మళ్లీ కాసేపాగి ఇంకో అరగ్లాసు. మాస్టారు కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. చివరికి తడి చేతులతో పిల్లను ఎత్తి వదిలాడు. అది అడుగుకు జారి, నాలుగడుగులు నడిచి, మిగతా నాలుగింటి పక్కన ఆగింది.

మాస్టారి భార్య అప్పటికే వంటింట్లోంచి చిన్న గిన్నె పట్టుకొచ్చింది. అందులో వానపాములు, శుభ్రంగా కడిగినవి.

"పాపం, అంత దూరం నుంచి వచ్చింది. ఎంత ఆకలి మీదుందో. నాలుగు వేస్తానండీ?"

దొనాతో గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"దానికి రేపు పెట్టండమ్మా. ఇవాళ నాకు పెట్టండి" అన్నాడు, తమాలెల మూట బల్ల మీద విప్పుతూ. "ఇవి కాస్త వేడి చేయిస్తే అందరం తినొచ్చు."